31 మంది కిడ్నీ రోగులు... ఎంతమందిలో?

ప్రశ్న: నేను పశ్చిమ ప్రకాశంలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎం.ఎల్.హెచ్.పి.గా, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా పనిచేస్తున్నాను. ఊరి జనాభా 3,200. ఆశా కార్యకర్తలు, నేను కలిసి రాసిన లెక్క ప్రకారం ‘కిడ్నీ’ ఉన్నవాళ్లు, ఆ జబ్బుతో పోయినవాళ్లు కలిపి 31 మంది. అందులో గత మూడేళ్లలో డయాలసిస్ మొదలైనవాళ్లు ఏడుగురు. ఏప్రిల్‌లో ఒక సంస్థవాళ్లు వచ్చి పంచాయతీ ఆఫీసు దగ్గర క్యాంపు పెట్టారు. 140 మందికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేస్తే 38 మందికి ఎక్కువ వచ్చిందన్నారు. ఊరంతా బోరునీళ్ల వల్లే అంటోంది. ‘మా ఊళ్లో 27 శాతం మందికి కిడ్నీ జబ్బు, కారణం నీళ్లు’ అని రాసి సంతకం పెడితే ఆర్.ఓ. ప్లాంటు కోసం కలెక్టరుగారికి ఇస్తానని సర్పంచిగారు అడుగుతున్నారు. పెట్టనా? ఇలాంటప్పుడు ఎపిడెమియాలజిస్టులు ఏం చేస్తారు? నర్సింగ్ చదివిన నేను ఆ పనిలోకి వెళ్లవచ్చా?

సమాధానం: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ ఊళ్లో జబ్బు లేదని కాదు. ఉండే అవకాశం బాగానే ఉంది. అయితే ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. 27 శాతం అన్నది ఊరి లెక్క కాదు, క్యాంపుకు వచ్చినవాళ్ల లెక్క. నీళ్లన్నది ఇంకా అనుమానమే. ఈ రెంటినీ విడదీసి చూడటమే మీరు అడిగిన ఎపిడెమియాలజిస్టు పని. తెలుగులో ఈ శాస్త్రాన్ని ‘అంటువ్యాధుల శాస్త్రం’ అని రాసి పాడుచేశారు. షుగరు, బీపీ, గుండె, కిడ్నీ, క్యాన్సర్ ఏవీ అంటుకోవు, అయినా లెక్కించే పద్ధతి ఒకటే. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందిలో అన్నది తేలాకే ఎందుకు అన్న ప్రశ్న.

బళ్లో నేర్చుకున్న భిన్నాన్ని గుర్తు తెచ్చుకోండి. పైన లవం, కింద హారం. ఊళ్లో అందరూ మాట్లాడేది లవం గురించే: 31 మంది, ఏడుగురు, 38 మంది. హారం సంగతి ఎవరూ ఎత్తరు. దీర్ఘకాలిక జబ్బుల లెక్కల్లో సగం తప్పులు హారంలో జరుగుతాయి, మిగతా సగం ‘రోగి అంటే ఎవరు’ అని ముందే తేల్చుకోకపోవడం వల్ల జరుగుతాయి.

కాబట్టి మొదటి పని మీ 31 మందిని జల్లెడ పట్టడం. ఊళ్లో ‘కిడ్నీ’ అంటే రాళ్లు, మూత్రంలో మంట, కాళ్లవాపు, వాంతులు విరేచనాలతో నాలుగు రోజులు మూత్రం ఆగిపోవడం, పాముకాటు తర్వాత రెండుసార్లు డయాలసిస్ చేయించుకుని కోలుకోవడం, అన్నీ ఒకటే. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ప్రపంచమంతా వాడే నిర్వచనం ఇది: మూత్రపిండాల వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, 60 కంటే తక్కువగా ఉండటం, లేదా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ వంటి దెబ్బతిన్న గుర్తు ఉండటం; ఏదైనా సరే మూడు నెలలకు పైగా కొనసాగాలి. ఆ ‘మూడు నెలలు’ అన్న మాటే ప్రాణం.

మూడు గంపలు పెట్టుకోండి. మొదటిది ఖాయమైనవాళ్లు: మూడు నెలలు దాటి డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కనీసం 90 రోజుల ఎడంతో చేసిన రెండు రిపోర్టుల్లోనూ ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఉన్నవాళ్లు. రెండోది బహుశా: ఒక్క రిపోర్టే ఉన్నవాళ్లు, డయాలసిస్ కాగితాలతో చనిపోయినవాళ్లు. మూడోది కానివాళ్లు: రాళ్లు మాత్రమే, ఇన్ఫెక్షన్ మాత్రమే, తాత్కాలికంగా దెబ్బతిని కోలుకున్నవాళ్లు. ఏ గంపలో వేశారో, ఏ కాగితం చూసి వేశారో పక్కనే రాయండి. ‘వాళ్లబ్బాయి చెప్పాడు’ అన్నది కాగితం కిందికి రాదు. మందుల చీటీ, డిశ్చార్జి సమ్మరీ, డయాలసిస్ కార్డు, పెన్షన్ మంజూరు పత్రం చూడండి. కిడ్నీ రోగులకు పెన్షన్ ఉంది కాబట్టి పెన్షన్ జాబితాలో పేర్లు సులువుగా దొరుకుతాయి. కానీ దరఖాస్తు చేసుకోనివాళ్లు అందులో ఉండరు. అదొక్కటే చూసి లెక్క కట్టకండి.

వీళ్లందరినీ ఒక లైన్ లిస్టులోకి ఎక్కించండి, మనిషికి ఒక వరస. ఇంటి నంబరు, వయసు, ఆడా మగా, ఈ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, గత పదేళ్లలో ఏ పని ఎక్కడ చేశారు, క్రియాటినిన్ మొదటిసారి ఎక్కువ వచ్చిన తేదీ, ఎంత, ఏ ల్యాబు, షుగరు ఏ సంవత్సరం బయటపడింది, బీపీ ఏ సంవత్సరం, మూత్రంలో ప్రొటీన్ ఎంత, రాళ్లున్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇప్పుడెలా ఉన్నారు. తాగునీటికి రెండు గడులు పెట్టండి: ఇప్పుడు ఏ నీళ్లు, పదేళ్ల కిందట ఏ నీళ్లు. ‘ఈ ఊళ్లో ఎన్నేళ్లు’ అన్న గడి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మీ వైపు దానికి విలువెక్కువ. బతుకుతెరువుకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లి పదిహేనేళ్లు ఎండలో కాంక్రీటు పని చేసి, జబ్బు పడ్డాక సొంతూరికి వచ్చినవాళ్లు మీ జాబితాలో తప్పకుండా ఉంటారు. వాళ్ల జబ్బుకు మీ బోరు కారణం కాలేదు. మీ లవంలో మాత్రం వాళ్లూ ఉన్నారు.

ఇక ఆ ఏడుగురు. ఇది ఎక్కువా కాదా? చేతిలో ఉన్న ఒక కొలతతో చూద్దాం. భోపాల్‌లో జనాభా ఆధారంగా చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో కిడ్నీలు పూర్తిగా విఫలమైన కొత్త రోగులు ఏటా పది లక్షల మందికి 151 మంది తేలారు. ఆ రేటు మీ 3,200 మందికి వేస్తే ఏడాదికి అర మనిషి, మూడేళ్లకు ఒకటిన్నర. మీ దగ్గర ఏడుగురు. ఒకటిన్నర రావలసిన చోట కేవలం యాదృచ్ఛికంగా ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం పదివేలకు దాదాపు ఎనిమిది. చూడగానే గుండె గుభేలుమంటుంది.

కాస్త ఆగండి. ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా పంచాయతీలున్నాయి. అన్నీ మీ ఊరంతే అనుకుంటే, ఏ కారణమూ లేకుండా ఉత్త అదృష్టం తిరగబడి ఏడుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ తేలే ఊళ్లు పది దాకా ఉంటాయి. ఆ పది ఊళ్ల నుంచీ ఉత్తరాలు వస్తాయి, మిగతా ఊళ్ల నుంచి రావు. గోడ మీద బాణం దిగాక దాని చుట్టూ సున్నా గీసి ‘గురి చూడండి’ అన్నట్టు ఉంటుంది వ్యవహారం. పైగా భోపాల్ లెక్క పాతది, ఒక నగరానిది. అప్పటికీ ఇప్పటికీ షుగరు పెరిగింది. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే 2023లో చెప్పిన ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగరు, 35.5 శాతం మందికి బీపీ ఉన్నాయి. డయాలసిస్ కేంద్రాలు దగ్గరికొచ్చాయి. ఉచితంగా చేస్తున్నారు. ఒకప్పుడు డయాలసిస్ దాకా పోకుండానే, జబ్బు పేరైనా తెలియకుండానే పోయినవాళ్ల స్థానంలో ఇవాళ పేరు నమోదై, ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లు ఉన్నారు. వైద్యం మెరుగైతే రోగుల సంఖ్య పెరుగుతుంది. ఇది మంచి వార్తే గానీ చూడటానికి జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. అందుకే ‘ఇప్పుడు ఎంతమంది ఉన్నారు’ అన్నదానికంటే ‘ఏ ఏడాది ఎంతమంది కొత్తగా చేరారు’ అన్నది విడిగా చూడాలి. మీ లైన్ లిస్టులో మొదటి క్రియాటినిన్ తేదీ గడి అందుకే.

ఏడుగురి లెక్క నిరూపణ కాకపోయినా కొట్టిపారేయదగ్గదీ కాదు. సరిగ్గా కొలవడానికి అది చాలినంత కారణం. జిల్లా వైద్యాధికారికి రాసే లేఖలో మీరు ఆ మాటే రాయాలి, 27 శాతం కాదు.

ఆ 27 శాతం ఎలా వచ్చిందో విప్పి చూడాలి. ఇలాంటి క్యాంపులు జిల్లా జిల్లాకూ జరుగుతున్నాయి, అన్నిచోట్లా ఇదే తంతు.

క్యాంపుకు ఎవరొస్తారు? పెద్దవాళ్లు, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లు, ఇప్పటికే అనుమానం ఉన్నవాళ్లు, ఇంట్లో ఒకరు కిడ్నీతో పోయినవాళ్లు. పొలాల్లోనూ వలసలోనూ ఉన్న పాతికేళ్ల మగపిల్లలు రారు. ఆ 140 మంది ఊరికి నమూనా కారు. రెండోది, ఏప్రిల్ ఎండలో, పొద్దెక్కాక క్యాంపు. పొద్దున్నే పనికి పోయి చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా వచ్చిన మనిషి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. ముందు రాత్రి మాంసం తిన్నా కొంత పెరుగుతుంది. మూడోది, ఆడా మగా అందరికీ ఒకే గీత, మామూలుగా 1.2, గీశారేమో అడగండి. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.3 ఉంటే, క్రియాటినిన్, వయసు, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్ కట్టే 2021 సూత్రం ప్రకారం అది 69. జబ్బు గీత దాటలేదు. 62 ఏళ్ల ఆడమనిషికి 1.1 ఉన్నా 57. గీత దాటింది. క్యాంపువాళ్ల గీత ఆయనను రోగిని చేసి, ఆమెను వదిలేసింది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది: ల్యాబు. చాలా చిన్న ల్యాబుల్లో క్రియాటినిన్‌ను జాఫే పద్ధతిలో చేస్తారు. చవక. కానీ రక్తంలో ఉండే ఇతర పదార్థాలు కూడా రంగు చూపిస్తాయి, యంత్రాన్ని సరైన ప్రమాణంతో సరిచూడకపోతే అన్ని రిపోర్టులూ ఒకే వైపు జరుగుతాయి. ఎంత జరిగితే ముప్పు? పైన చెప్పిన 45 ఏళ్ల మనిషికే 1.3 బదులు 1.5 వచ్చిందనుకోండి. ఈజీఎఫ్ఆర్ 69 నుంచి 58కి పడుతుంది. 0.2 తేడాతో ఆరోగ్యవంతుడు రోగి అయ్యాడు. ఒక మనిషి విషయంలో డాక్టరుగారు మళ్లీ చేయిస్తారు, సరిపోతుంది. ఊరంతటికీ ఆ 0.2 కలిస్తే లేని జబ్బు పుడుతుంది. రక్తం తీసి సీరం వేరుచేయకుండా మధ్యాహ్నం దాకా పెట్టెలో ఉంచినా ఇలాంటి తప్పే దొర్లుతుంది.

ఇవన్నీ పక్కనపెట్టి అంతా సవ్యంగా చేసినా, ఒకసారి పరీక్షలో గీత దాటినవాళ్లలో కొందరు మూడు నెలల తర్వాత గీతకు ఇవతలే ఉంటారు. ఒక్కసారి పరీక్షతో ఇచ్చే శాతం ఎప్పుడూ పొంగిన శాతమే. ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో, రెండు దశాబ్దాలకు పైగా మనుషులు ఈ జబ్బుతో పోతున్నారు. జబ్బు నిజం. అయినా తొలి ఏళ్ల క్యాంపుల అంకెలను పక్కపక్కన పెట్టి చూడలేకపోవడానికి కారణం ఇదే: ఒక్కో క్యాంపుది ఒక్కో గీత, ఒక్కో ల్యాబు. పద్ధతిగా ఇళ్లకు వెళ్లి చేసిన సర్వేలు వచ్చాకే పెద్దవాళ్లలో దాదాపు అయిదోవంతుకు ఉందన్న మాట నిలబడింది. కారణం మాత్రం ఇప్పటికీ ఒకటని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లోనూ ఇదే పరిస్థితి.

మరి సరిగ్గా ఎలా కొలవాలి? ఇది మీరొక్కరే చేసే పని కాదు. మీ పీహెచ్‌సీ వైద్యాధికారి, జిల్లా వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగం, నైతిక కమిటీ అనుమతి అన్నీ కావాలి. పరిశోధన పేరుతో రక్తం తీయాలంటే అనుమతి లేకుండా ఒక్క సూది కూడా గుచ్చకూడదు. వాళ్లు వచ్చినప్పుడు మీరు సరైన ప్రశ్నలు వేయగలగాలి, అందుకని చెబుతున్నాను.

మీ ఊరిని అచ్చులో ఉన్న ఏదో శాతంతో పోల్చకుండా, పక్కనే ఉండి వేరే నీళ్లు తాగే ఇంకో ఊరితో, ఒకే పద్ధతిలో, ఒకే వారంలో, ఒకే ల్యాబులో కొలిచి పోల్చాలి. ల్యాబు తప్పు ఉన్నా రెండు ఊళ్లకూ సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెడదు. ఎంతమందిని? మీ ఊళ్లో 15 శాతం, పక్క ఊళ్లో 7 శాతం ఉండవచ్చనుకుంటే, ఆ తేడాను నూటికి 80 పాళ్ల అవకాశంతో పట్టుకోవడానికి ఊరికి 236 మంది కావాలి. నూటికి పదిహేను మంది దొరకరు, ఒప్పుకోరు. కాబట్టి 280 మంది పేర్లు తీయాలి. అదే 15కి 11 అనుకుంటే ఊరికి 1,100 మంది దాటుతుంది. తేడా సగమైతే ఖర్చు నాలుగైదు రెట్లు. ‘ఒక యాభై మందికి చేసి చూద్దాం’ అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ఆ 280 మందినీ మీ ఇంటింటి సర్వే జాబితాలోంచి, 20 ఏళ్లు దాటినవాళ్ల పేర్లకు వరస నంబర్లు వేసి, లాటరీ పద్ధతిలో తీయాలి. పేరు వచ్చిన మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటాయనను పిలిచి సరిపెట్టకూడదు. తెల్లవారి ఐదున్నరకొకసారి, రాత్రి ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్లి, మూడుసార్లూ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయాలి. ఇదే ఆశా కార్యకర్తలకు విసుగు పుట్టించే భాగం. సర్వే చెడిపోయేదీ ఇక్కడే. దొరకనివాళ్లు సాధారణంగా వయసులో ఉన్న మగవాళ్లు, ఈ జబ్బు మొదట కనిపించేది వాళ్లలోనే కావచ్చు.

రక్తం పొద్దున్నే, పనికి పోకముందు తీయాలి. ముందు రోజు మాంసం, నొప్పి మాత్రలు వద్దని చెప్పాలి. సీరం అక్కడే తిప్పి వేరుచేసి, చల్లని పెట్టెలో అదే రోజు ల్యాబుకు పంపాలి. ల్యాబు ఒక్కటే ఉండాలి, వీలైతే ఎంజైమ్ పద్ధతిది. ఏ నంబరు ఏ ఊరిదో వాళ్లకు తెలియకూడదు. ప్రతి పది రక్త నమూనాల్లో ఒకదాన్ని రెండు సీసాలు చేసి రెండు వేరు నంబర్లతో పంపండి. ఒకే రక్తానికి రెండు వేరు అంకెలు వస్తుంటే ఆ ల్యాబును మార్చాలి. మూత్రానికి పుల్ల ముంచి చూసే పరీక్ష చాలదు. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రొటీన్ చాలాకాలం తక్కువగానే ఉంటుంది, బీపీ కూడా మొదట్లో పెరగదు. పుల్ల రంగు మారలేదని ‘నీకేం లేదు’ అని పంపేస్తే అసలు మనిషి తప్పిపోతాడు. తెల్లవారిన తర్వాతి మొదటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి, 30 దాటితే లెక్కలోకి తీసుకోవాలి. జ్వరం, నెలసరి ఉంటే మరో రోజు.

బీపీ మూడుసార్లు చూసి చివరి రెండింటి సగటు రాయాలి. మనిషి వచ్చి కూర్చోగానే చూసిన అంకె పనికిరాదు. షుగరుకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) ఒక్కటే నమ్మకండి. కిడ్నీ దెబ్బతిని రక్తం తగ్గినవాళ్లలో అది తప్పుదారి పట్టిస్తుంది. పరగడుపు షుగరు, పాత రిపోర్టులు కలిపి చూడాలి. గీత దాటినవాళ్లందరికీ 90 రోజుల తర్వాత మళ్లీ. ఇక్కడ సగంమందిని పోగొట్టుకునే సర్వేలు చాలా ఉన్నాయి, కాబట్టి రెండో పరీక్ష తేదీ మొదటి రోజే రాసి చేతికివ్వండి.

అంకెలొచ్చాక కూడా నేరుగా పోల్చకూడదు. ఒక ఉదాహరణ, ఊహించిన అంకెలతో. రెండు ఊళ్లలోనూ 20-39 ఏళ్లవాళ్లలో 2 శాతం, 40-59లో 8 శాతం, 60 దాటినవాళ్లలో 25 శాతం మందికి జబ్బు ఉందనుకుందాం. ముప్పు అక్షరాలా సమానం. మొదటి ఊరి కుర్రాళ్లు వలసపోయారు. 280 మందిలో వయసువారీగా 100, 120, 60. రెండో ఊళ్లో 160, 90, 30. లెక్క కట్టండి: మొదటి ఊరు 9.5 శాతం, రెండోది 6.4 శాతం. ఏ తేడా లేనిచోట సగం ఎక్కువ కనిపించింది. అందుకే వయసు సరిచేసిన రేటు అడగాలి. అది లేని నివేదికను పక్కనపెట్టవచ్చు.

చనిపోయినవాళ్ల సంగతి వేరు. వాళ్ల రక్తం లేదు, మాటే ఆధారం. ఇంట్లోవాళ్లను నిర్ణీత ప్రశ్నలతో అడిగి, ఆ కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం రాసే పద్ధతి ఉంది, వెర్బల్ అటాప్సీ అంటారు. ఉభయ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో 2003-04లో ఇలాగే 1,354 మరణాలను చదివితే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవని తేలింది. పల్లెల్లో జ్వరాలూ విరేచనాలే చంపుతాయన్న నమ్మకం ఆ లెక్కతో కదిలింది. మీ ఊళ్లో చేసేటప్పుడు ‘కిడ్నీతోనే పోయాడా?’ అని మొదలుపెట్టకండి, అవునంటారు. ‘చివరి మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పండి’ అని అడిగి వినండి.

నీళ్ల దగ్గరికి వద్దాం. ఊరంతా ఒకే బోరు నీళ్లు తాగితే, ఊళ్లో రోగులనూ రోగులు కానివాళ్లనూ పోల్చి నీళ్ల పాత్ర కనిపెట్టలేరు. అందరూ ఒకే అన్నం తిన్న పెళ్లిలో ఏ కూర చెడిందో అడిగినట్టు ఉంటుంది. తేడా ఉండాలి: వేరు బోర్లున్న వార్డులు, బోరు మారిన సంవత్సరం, పెళ్లై వచ్చిన కోడళ్లకూ పుట్టి పెరిగినవాళ్లకూ మధ్య ఏళ్ల తేడా. ఖాయమైన ఒక్కో రోగికి అదే వయసు, అదే లింగం ఉన్న ముగ్గురు ఆరోగ్యవంతులను తీసుకుని, అందరినీ ఒకే మాటలతో అడగాలి. రోగి ఇప్పటికే వందసార్లు ‘నీళ్లే’ అని విని ఉంటాడు, పాత నీళ్ల చేదు బాగా గుర్తుంటుంది. ఆరోగ్యవంతుడికి గుర్తుండదు. ఈ తేడా వల్ల లేని సంబంధం పుడుతుంది. కాబట్టి ‘నీళ్లు ఎలా ఉండేవి’ అని కాకుండా ‘ఏ బోరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా’ అని అడగండి. పెళ్లి, పిల్లల పుట్టుక, ఇల్లు కట్టిన ఏడాది ఆధారంగా గుర్తుచేయండి.

నొప్పి మందుల దగ్గర ఇంకో మెలిక. కిడ్నీ రోగులు నొప్పి ఇంజెక్షన్లు ఎక్కువ వేయించుకున్నట్టు తేలితే, మందుల వల్ల కిడ్నీ పోయిందా, ఒళ్లునొప్పులున్న పనివల్ల రెండూ వచ్చాయా, జబ్బు మొదలయ్యాకే నొప్పులకు వేయించుకున్నారా? తేదీలు లేకుండా చెప్పలేం. ‘నొప్పి మాత్ర’ అని అడగకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ షీట్లు చూపించి ‘మొదటి రిపోర్టుకు ముందు వాడారా’ అని అడగండి. ఇక బీపీ కిడ్నీని పాడుచేస్తుంది, పాడైన కిడ్నీ బీపీని పెంచుతుంది. ఏది ముందో తేదీలే చెప్పాలి. మీ 31 మందిలో పదేళ్లు దాటిన షుగరువాళ్లు ఎంతమందో ముందు లెక్కపెట్టండి. సగం కారణం అక్కడే దొరికినా ఆశ్చర్యం లేదు. ‘తెలియని కారణం’ అన్న పేరు అవన్నీ తీసేశాక మిగిలినవాళ్లకే.

ఈ జాబితా మీ బీరువా దాటకూడదు. వాట్సాప్ గ్రూపులో పేర్లు పడితే తీయడం ఎవరి తరమూ కాదు. ‘కిడ్నీ ఊరు’ అన్న ముద్ర పడితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు కుదరడం కష్టమవుతుంది. పైకి పంపే కాగితంలో నంబర్లే ఉండాలి. ఎవరి ఫలితం వాళ్ల చేతికే ఇవ్వండి. ఎక్కువ వచ్చినవాళ్లను సర్వే ముగిసేదాకా ఆపకుండా అదే వారం డాక్టరుగారి దగ్గరికి పంపండి.

మీ రెండో ప్రశ్న. వెళ్లవచ్చు. బీఎస్సీ నర్సింగ్ తర్వాత మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చేసినవాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు. హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, చెన్నైలోని ఐసీఎంఆర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ప్రకటనలు చూసి అర్హత సరిచూసుకోండి. ఈలోగా గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. ఉద్యోగంలో సగం రోజులు ఖాళీ గడులు, తప్పుపడ్డ వయసులు, రెండుసార్లు ఎక్కిన పేర్లు సరిచేయడంలోనే పోతాయి. మీ లైన్ లిస్టు పని విసుగనిపించకపోతే మీకు ఇది సరిపడుతుంది.

సర్పంచిగారికి ఏం చెప్పాలి? ఆర్.ఓ. ప్లాంటుకు కిడ్నీ జబ్బు సాక్ష్యం అవసరం లేదని చెప్పండి. మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ పాత సమస్య. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రతి బోరు నీళ్లనూ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో చేయించి, 1.5 దాటిన కాగితం పెడితే పళ్లు, ఎముకల పేరు మీదే ప్లాంటు అడగవచ్చు. కిడ్నీ పేరు మీద అడిగితే ప్లాంటు వచ్చిన రెండేళ్లకు ‘అయినా డయాలసిస్‌కు పోతూనే ఉన్నారే’ అని మిమ్మల్నే నిలదీస్తారు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీలు నీళ్లు మార్చినంత మాత్రాన కోలుకోవు. నీళ్లే కారణమైనా ఆ తగ్గుదల కొత్త రోగుల లెక్కలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. జిల్లా వైద్యాధికారికి మీరు రాసే లేఖ వేరుగా వెళ్లాలి. అందులో అయిదు వాక్యాలు చాలు: జనాభా ఇంత, మూడేళ్లలో కొత్తగా డయాలసిస్ మొదలైనవాళ్లు ఏడుగురు, వాళ్లలో షుగరు లేనివాళ్లు ఇంతమంది, 60 ఏళ్ల లోపువాళ్లు ఇంతమంది, పక్క ఊరితో పోల్చి సర్వే చేయించమని కోరుతున్నాను. దాని కింద సంతకం పెట్టండి.